మన మడికి ఎక్కిన వాగు నీళ్లు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొన్న చిట్యాలలో బస్సు దిగి ఊరికి వచ్చాను. చూసింది చూసినట్టు పత్రికకు రాయడమే నా పని గనుక, నిన్న వాగులో జరిగింది నీకు రాస్తున్నాను.

దొర పట్నం పారిపోయాక, ఈసారి ఊటకాలువను ఊరే తవ్వుకుంది. ఇసుకలో ఊరే నీళ్లను పొలాలకు తెచ్చే ఆ కాలువను నువ్వు ఏటేటా వెట్టికి తవ్వేవాడివి. నీళ్లన్నీ దొర పొలాలకే పోయేవి. మన మడి మెరక మీద ఉంది, నీళ్లు ఎక్కవని అతని మనుషులు నవ్వేవారు. ఎక్కుతాయని నువ్వొక్కడివే అనేవాడివి.

నిన్న పారలు పట్టినవాళ్లు మాటల్లో పడి, అలవాటుకొద్దీ దొర పొలాల వైపే తవ్వుకుంటూ పోయారు. అంబలి తెచ్చిన అమ్మ గట్టు మీద నిలబడి చూసింది.

"ఓ మల్లయ్యా! దొర పోయిండు గానీ మీ చేతులింకా వెట్టి చేస్తున్నయా?"

"గింత దూరం తవ్వినంక చెప్తవా వదినె! జర ముందుగాల చెప్పరాదూ?" అన్నాడు మల్లయ్య చిన్నాయన.

అందరూ నవ్వుకుంటూ ఆ పాయను పూడ్చి, మన వైపు మళ్లించారు. సాయంత్రానికి నీళ్లు మన గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. చిన్నాయన కాలువ అడుగున ఇంకాస్త ఇసుక తీశాడు. నీళ్లు మెల్లగా మడిలోకి నడిచాయి.

"ఎక్కినయ్," అంది అమ్మ, నీతో చెప్పినట్టే.

ఊరు కాలువ తవ్వుకుందని పత్రికకు వార్త పంపాను. నీ మాట నిజమైందని అందులో రాయలేదు. అది నీకు రాయాలని ఉంచుకున్నాను.

రేపు పొద్దున నాగలి కడుతున్నాం.