ఊఁ కొట్టుటకు మనుషులు కావలెను

విశ్వవిద్యాలయ నిధుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రస్తుతం తమ పథకంలో భాషా సవరణకర్త, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మూలవాసుల దృక్పథాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చుటకు మంజూరైన నిధుల వలన ఒక కథ నడుము లోతు నీటిలో నిలిచిపోవుట, దానిని ఒడ్డుకు చేర్పించవలసినదిగా ప్రార్థన.

1. తమరు మంజూరు చేసిన నిధులు వృథా కాలేదని ముందుగా మనవి చేసుకొంటున్నాను. పథకానికి ఒక గది వచ్చింది. గదికి గాజు తలుపు వచ్చింది. తలుపు మీద పథకం పేరు బంగారు రంగు అక్షరాలతో వెలిసింది. అందులో ‘దృక్పథం’ అనే మాటకు ఒక ఒత్తు ఎక్కువ పడగా, నేను ఈ వయసులో కుర్చీ ఎక్కి చాకుతో గీకివేశాను. అలమరలు, పూలకుండీలు, గోడ నిండా కొండవారి రంగుల చిత్రం, అన్నీ సమకూరాయి. కొండవారు ఒక్కరే తక్కువ. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లయింది.

2. అయితే కొండవారు బొత్తిగా లేరనడం అసత్యం. ఒకరున్నారు. కొండబడిలో నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల ఇప్పుడు తమ వద్ద తాత్కాలిక అధ్యాపకురాలు. ‘కొండభాష కథలు’ అనే పాఠం చెబుతోంది. దానికి అచ్చు పుస్తకం లేదు. ఇంట్లో ఆమె అమ్మమ్మ కథ చెబుతుంది. మనవరాలు దానిని తరగతికి తెస్తుంది. విద్యార్థులు దానిని నోటికి నేర్చి, తిరిగి చెప్పి, దాని మీద పోట్లాడుకొంటారు. తమ నిధులు రాకముందు నుండీ ఈ పాఠం నడుస్తోంది. నిధులు వచ్చిన తరువాతే కుంటుపడింది.

3. కారణం విన్నవిస్తాను. కథలను శాశ్వతంగా భద్రపరచాలని పథక సంచాలకుల వారికి బుద్ధి పుట్టింది. బుద్ధి మంచిదే. అవ్వను కారులో తీసుకొనివచ్చి, గోడలకు స్పంజి అతికించిన చిన్న గదిలో, గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ తనకు తానే తిరుగుతుంటే అవ్వ దిగి నేల మీద కూర్చుంది. మైకును కూడా నేలకు దించారు. ఎదురుగా సంచాలకుల వారు, పక్కన మనవరాలు, మూలన రికార్డింగు అబ్బాయి. గోడకు ఎర్ర దీపం, దాని క్రింద ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు. నాకు దగ్గు ఉన్నందున నన్ను గాజుగోడకు ఇవతల, స్పీకరు దగ్గర ఉంచారు.

4. అవ్వ తన భాషలో మొదలుపెట్టింది. నాకు ఆ భాష అర్థమవుతుంది. వానలకు ఊరంతా పొయ్యిలు ఆరిపోతే, ఒక పిల్ల నెత్తిన నిప్పుల కుండ పెట్టుకొని ఏరు దాటుతోంది. అవ్వ ఒక వాక్యం చెప్పి ఆగింది. మనవరాలు “ఊఁ” అన్నది. వెంటనే రికార్డింగు అబ్బాయి, “మేడమ్, మీ గొంతు పడుతోంది. చప్పుడు చెయ్యకండి” అన్నాడు. తాత్కాలిక ఉద్యోగి కనుక ఆమె నోరు మూసుకొంది. కథలోని పిల్ల మోకాలి లోతు దిగింది. ఊఁ లేదు. తొడల లోతు. ఊఁ లేదు. నడుము లోతుకు వచ్చేసరికి అవ్వ ఆగిపోయింది. నేను గాజుకు ఇవతల నుండి నా శక్తి కొద్దీ ఊఁ కొట్టాను. తమ నిధులతో కొన్న గాజు చాలా గట్టిది.

సంచాలకుల వారు ఆ విరామానికి పరవశించి కళ్లు మూసుకొన్నారు. అవ్వ ఒక్కొక్కరి ముఖం తొంగి చూసింది. “ఉన్నారా, పోయారా?” అని మన భాషలోనే అడిగింది. ఆయన కళ్లు తెరిచి, చిరునవ్వుతో గోడ మీది బోర్డు చూపించారు. అవ్వ మోకాళ్లు పట్టుకొని లేచింది. “పదవే అమ్మడూ. పీనుగులకు కథ చెప్పే అలవాటు నాకు లేదు” అన్నది.

6. తరువాత జరిగినది తమరు ఎరుగుదురో లేదో. ‘సమాచారదాత సహకరించలేదు’ అని నివేదికలో వ్రాశారు. అదే సంచాలకుల వారు ఆ నిశ్శబ్దాన్ని పట్టుకొని పొరుగు విశ్వవిద్యాలయపు సభకు వెళ్లి, ‘మూలవాసుల మౌనం’ అని పత్రం చదివారు. రికార్డు వినిపించారు. సభ అంతా లేచి నిలబడి విన్నదట. ఏమి విన్నదో నేను ఊహించలేను. ఆ నిశ్శబ్దంలో ఉన్నది నడుము లోతు నీళ్లలో ఒక పిల్ల, గాజు వెనుక ఒక ముసలివాడి నోరు. ఈ రెండూ రికార్డుకు అందేవి కావు.

7. అసలు చిక్కు ఇది. కొండవారిలో ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టిన కథను మొదట విన్న చెవులకే ముగించాలి. అంతవరకు ఇంకొక కథ నోట పలకరాదు. సగంలో ఆగిన కథ మీద కొత్త కథ ఎత్తుకోవడం, ఏట్లో మనిషిని వదిలి పడవ తిప్పుకోవడమేనని వారి భావన. అందుచేత ఆ రోజు నుండి అవ్వ నోట కథ లేదు. మనవరాలి తరగతిలో పాఠం లేదు. ‘బోధనా సామగ్రి లేనందున’ ఆ పాఠాన్నే రద్దు చేయాలని వచ్చే పాలకమండలి సమావేశానికి ప్రతిపాదన వెళ్లింది. వ్రాసినది సంచాలకుల వారే. తానే కాలు విరగ్గొట్టి, నడక రాదని తీసివేయడం ఏ దృక్పథమో వారే చెప్పాలి. పాఠం పోతే మనవరాలి ఉద్యోగం పోతుంది. మిగిలిన నిధులతో మరింత నిశ్శబ్దమైన గది కడతారట.

నేను స్వయంగా వెళ్లి అడిగాను. మళ్లీ అందరూ కూర్చొని, ఈసారి ఊఁ కొట్టమన్నాను. ఆయన మర్యాదస్థుడు, టీ తెప్పించారు. “మాస్టారూ, టీకి పద్దు ఉందండీ, కార్లకి ఉంది, గోడలకి ఉంది. ఊఁ అనడానికి లేదు. ఏ పద్దు కింద రాయను?” అన్నారు. కొంచెం ఆలోచించి, “పోనీ, ఊఁ విడిగా రికార్డు చేయించి మధ్యమధ్య అతికిద్దామా?” అన్నారు. నేను టీ త్రాగకుండా వచ్చాను.

ఈ మాట ఇంట్లో చెప్పగా మా ఇంటావిడ పప్పు ఏరుతూ, “పెళ్లైన దగ్గర్నుంచీ మీ వ్యాకరణానికి ఊఁ కొడుతున్నాను. నాకు ఏ విశ్వవిద్యాలయం నిధులిచ్చింది?” అన్నది. దీనికి సమాధానం తమ వద్ద ఉంటే దయచేసి తెలియజేయవలెను.

9. కావున ప్రార్థించునది ఏమనగా: ఆనాడు ఆ గదిలో ఉన్నవారినందరినీ, సంచాలకుల వారితో సహా, తలుపులు తెరిచిన ఒక మామూలు గదిలో నేల మీద కూర్చోబెట్టవలెను. వారి చేత ఊఁ కొట్టించవలెను. రాకపోతే నేర్పుతాను; ఇంతకంటే మొద్దు విద్యార్థులను దారికి తెచ్చిన చేయి ఇది. రికార్డింగు అబ్బాయి కావాలంటే రికార్డు చేసుకోవచ్చు, కాని అతడు కూడా ఊఁ కొట్టవలెను. కథ ముగిసేవరకు పాఠం రద్దు ప్రతిపాదనను ఆపి ఉంచవలెను. ఇందుకు అదనపు నిధులు అక్కరలేదు. అదే ఈ ప్రార్థనలోని పెద్ద లోపమని నాకు తెలుసు.

ఆ పిల్ల నెత్తి మీది నిప్పు ఆరకముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(విధేయత ఉద్యోగానికే, వాక్యానికి కాదు)
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

తా.క.: ఈ అర్జీలో 5, 8 సంఖ్యలు లేవని తమ గుమాస్తాలు ఎర్ర సిరాతో గుర్తు పెట్టకముందే చెప్పుకొంటున్నాను. నాకు అంకెలు వచ్చు. పంపే ముందు దీనిని అవ్వకు చదివి వినిపించాను. కథ చెప్పకూడదు గాని, వినడానికి అడ్డులేదు. నాలుగవ అంశం దాకా ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టింది. అయిదవది పథకపు కాగితాలలోని వ్యాకరణ దోషాల పట్టిక. మనసు పెట్టి వ్రాసినది. అవ్వ గోడ వైపు తిరిగి పడుకొంది. ఎనిమిదవది నా సేవలు, నాకు జరిగిన సన్మానాలు. దానికి మనవరాలు కూడా ఊఁ అనలేదు. రెండూ కొట్టివేశాను.

అంతా అయిన తరువాత అవ్వ లేచి కూర్చొని, “ఇంతకీ ఆ ఆఫీసరు ఉన్నాడా, పోయాడా?” అని అడిగింది.

ఉన్నారనే చెప్పాను, అయ్యా. ఇంతవరకు చదివి ఉంటే, ఒక్కసారి పైకి ఊఁ అనండి.