ఆగి ఆగి పలికే టాబ్

ఒరేయ్ చిన్నోడా,

నేను డ్యూటీకి వెళ్తున్నా. నాన్న లేవగానే టాబ్ దిండు పక్కన పెట్టు. చార్జింగ్ వైరు మాత్రం తీసెయ్యి, విసురుగా లాగేస్తున్నారు.

చవకదైనా నువ్వు మంచిదే తెచ్చావు. అక్షరాలు ఆయన కళ్లకి ఆనుతున్నాయి. నొక్కిన మాటని అదే పైకి పలుకుతోంది కానీ, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. పైగా మహా నెమ్మది. అది నోరు విప్పేలోపు ఆయనకి ఒళ్లు మండి మళ్లీ మళ్లీ నొక్కేస్తారు. "నీళ్లు, నీళ్లు, నీళ్లు" అని వినబడితే నీమీద అరిచారనుకోకు.

కొత్త వస్తువు ఈ అక్క చేతిలో పడేసి, మేడమీదకి పోయి తలుపేసుకోవడమేంట్రా? నాన్న షాపు మూసేద్దామని నువ్వు పెట్టుకున్న గొడవ ఆయనకి పక్షవాతం రాకముందుది. ఇప్పుడు మాట పడిపోయిన మనిషితో నీకు పంతమేంటి? మీ ఇద్దరి మధ్యా నలిగి చస్తున్నా. ఇవాళైనా పక్కన కూర్చో.

చెప్పడం మరిచా. పొద్దున "చిన్నోడు" అని నొక్కారు. ఈసారి విసుక్కోకుండా అది పలికేదాకా ఆగారు. విన్నారు. విన్నాక, నా మొహంలోకి చూస్తూ మళ్లీ నొక్కారు.