ఐదు రోజులు ఆగలేక

మార్చి 3, మధ్యాహ్నం 12.20

ఉదయం 11.10కి ల్యాబ్ ఆవిడను సస్పెండ్ చేశారు. కారణం నేను.

ముందు వాస్తవాలు. కోపం తర్వాత.

నీటి శుద్ధి కేంద్రంలో రెండు గంటలకోసారి నీళ్లలో క్లోరిన్ ఎంతుందో కొలిచి రిజిస్టర్లో రాయాలి. కొలిచే మందు అయిపోయి ఏడు నెలలైంది. ఎవరూ కొలవడం లేదు. పొద్దున ఎనిమిదికే సాయంత్రం ఆరు దాకా అంకెలు నింపేస్తారు. నింపమన్నది సూపర్‌వైజర్. నింపేది ఆవిడ. మనసొప్పక నా దగ్గరికి వచ్చింది. రోజుకో పేజీ ఫోటో తీసిస్తుంది, తొంభై రోజులు. అప్పటిదాకా నేను ఒక్క ముక్క రాయకూడదు. అదీ ఒప్పందం.

తొంభై ఎందుకంటే, అరవై ఆరో రోజు నుంచి ఆవిడకు రెండు వారాలు సెలవు. ఆ రోజుల్లో వేరేవాళ్ల చేతిరాతలోనూ అవే దొంగ అంకెలు పడతాయి. తిరిగొచ్చాక ఆ పేజీలూ తీస్తానంది. అప్పుడు తప్పు ఒక మనిషిది కాదు, మొత్తం ఆఫీసుదని తేలుతుంది.

నిన్న అరవై ఒకటో రోజు. ఒక వెబ్‌సైట్ వాడు కుళాయి నీళ్లు వాసనొస్తున్నాయని రెండు లైన్లు పెట్టాడు. అంతే. నా వార్త వాడు ఎగరేసుకుపోతాడనిపించింది. 10.40కి మా పేపర్ సైట్లో వార్త, ఒక పేజీ ఫోటోతో సహా వదిలేశాను.

విలేకరిగా ఇరవై ఆరేళ్ల సర్వీసు. కనీసం ఆవిడ సెలవు దాకా, ఐదు రోజులు ఆగలేకపోయాను.

అదే రోజు, 3.00

ఫోటోలో సూపర్‌వైజర్ సంతకం లేదు. ఆయన తొమ్మిదికి వచ్చి పెడతాడు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆ గదిలో ఉండేది ఆవిడ ఒక్కతే. మూడో తరగతి పిల్ల కూడా చెప్పేస్తుంది ఆ ఫోటో ఎవరు తీశారో. నాకు తట్టలేదు. పంపేముందు పెద్దది చేసి మరీ చూశాను. అంకెలే చూశాను.

నిన్నంతా ఎంతమంది చదివారో చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలకోసారి. సాయంత్రానికి నలభై ఒక్క వేలు. ఇంట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా.

మార్చి 4

నీటి శాఖ వివరణ వచ్చింది. ఒక ఉద్యోగిని నిర్లక్ష్యం, ఒక్కరోజు పొరపాటు, బాధ్యురాలిపై చర్య. మా పేపర్లోనే, నా వార్త కన్నా పెద్ద అక్షరాల్లో.

డెస్క్ ఇన్‌చార్జిని మేమంతా ‘ఇంకెంతసేపు’ అంటాం. రోజంతా ఆయన అడిగేది అదే. వెళ్లి నిలదీశాను. రెండు పక్షాలూ వేయాలమ్మా, కొత్తవాళ్లకి ఆ పాఠం చెప్పేది నువ్వే కదా అన్నాడు. పైగా ఫాలో-అప్ ఏదీ, ఇంకెంతసేపు అన్నాడు. చేతిలో ఉన్న టీ ఆయన మీద పోయలేదు. ఇవాళ నేను చేసిన మంచి పని అదొక్కటే.

మార్చి 5

ఆవిడకు ఫోన్ చేశాను. ఎత్తింది. అరవలేదు. అరిచినా బాగుండేది. నా సెలవు దాకా అయినా ఆగలేకపోయారా మేడమ్, పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా నిలబడరా మీరు అంది. విచారణ ఏప్రిల్ 21నట. రాత తనదే కాబట్టి ఉద్యోగం పోయినట్టేనట. ఇంకెప్పుడూ నాకు ఫోన్ చేయకండి అని పెట్టేసింది.

మార్చి 6

ఆవిడ లేదు. మరి రిజిస్టర్ ఇప్పుడు ఎవరు నింపుతున్నారు?

మార్చి 7

శుద్ధి కేంద్రం మోటార్లు తరచూ ఆగుతాయి. రిపేరుకి గంటో, నాలుగు గంటలో. ఆగితే నీళ్లు పారవు, కొలవడానికి ఏమీ ఉండదు. ఆ టైముకి రిజిస్టర్లో అంకె ఉంటే ఇంకేం చెప్పక్కర్లేదు. ఆవిడ ఇంట్లో కూర్చుని ఉండగా అలాంటి అంకె పడిందంటే తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు.

మోటార్లు ఎప్పుడు ఆగాయో నేను రాసుకోవాలి. రిజిస్టర్ నకళ్లు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెప్పించాలి. దరఖాస్తు నా పేరుతో ఉండకూడదు. ఈలోపు ఒక్క ముక్క బయటికి పొక్కినా పేజీలు దిద్దేస్తారు. అంటే ఏమీ రాయకూడదు. ఎవరికీ చెప్పకూడదు.

నలభై ఐదు రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో పెళ్లా ఏంటి అన్నాడు ‘ఇంకెంతసేపు’. ఫోన్లోంచి వార్తల యాప్‌లన్నీ తీసేశాను. సాయంత్రంలోపు రెండుసార్లు మళ్లీ వేసుకున్నాను. రెండుసార్లూ తీసేశాను.

మార్చి 11

కేంద్రం గేటు ఎదురుగా పంక్చర్ షాపు. దాని బల్ల మీద కూర్చుంటున్నాను. మోటార్ల చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

షాపతను ఇవాళ ఉండబట్టలేక అడిగేశాడు. రోజూ వస్తారు, బండేమో నిక్షేపంగా ఉంటుంది, మొగుడుగారు లోపల పనిచేస్తారా, కాపలానా అని. నాకు మొగుడే లేడన్నాను. అదృష్టవంతులండీ అని మళ్లీ ట్యూబు పట్టుకున్నాడు.

మోటార్లు 9.50కి ఆగి 12.35కి మొదలయ్యాయి. గేటు పైన గడియారం కనబడేలా రెండుసార్లూ వీడియో తీశాను.

మార్చి 14

ఏమీ ఆగలేదు. పదకొండు గంటలు బల్ల మీదే. నడుము విరిగింది.

మార్చి 18, సాయంత్రం 6.00

పొద్దున 6.10కి ఆగిన మోటార్లు 5.40 దాకా లేవలేదు. ఊళ్లో చుక్క నీళ్లు లేవు. పదింటికి ‘ఇంకెంతసేపు’ ఫోన్. వెబ్‌సైట్ వాడు పెట్టేశాడు, నువ్వు అక్కడెక్కడో కూర్చుంటున్నావని విన్నాను, లోపలి సంగతి ఒక్క లైను ఇయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది అన్నాడు.

ఫోన్ పెట్టేశాక రాశాను. నూట నలభై పదాలు. ఈ మధ్య ఇంత మంచి ఇంట్రో రాయలేదు. వేలు బటన్ మీద పెట్టాను.

ఆపింది మంచితనం కాదు. సూపర్‌వైజర్ నా వార్త చదివి, ఇవాళ్టి పేజీ చింపి, కొత్తది రాసుకోవడం కళ్లకు కట్టింది. అంతా చెరిపేశాను. ఫోన్ పంక్చర్ అతని చేతిలో పెట్టి, సాయంత్రం దాకా అడిగినా ఇవ్వకు అన్నాను. ఇదేంటండీ కరుస్తుందా అన్నాడు. పానాల డబ్బాలో పడేశాడు. మూడుసార్లు అడిగాను. ఇవ్వలేదు. తిట్టాను. అయినా ఇవ్వలేదు. 5.40 వీడియో మాత్రం తన ఫోన్లో తీసిపెట్టాడు.

మార్చి 20

దరఖాస్తు బావ పేరుతో పెట్టాం. రిటైరైన లెక్కల మాస్టారు, ఎవరూ అనుమానించరు. నీళ్ల ఆఫీసు మీద నా పేరుతోనా, రేపు మన కుళాయి కట్టేస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా అన్నాడు. కుళాయి వచ్చినా బతకనివ్వను, ముందు సంతకం పెట్టండి అంది అక్క. పెట్టాడు.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

మార్చి 29

ఏమీ రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 6

నన్ను కొనేశారని ఆఫీసులో చెప్పుకుంటున్నారట. ల్యాబ్ ఆవిడను బలిచ్చి ఈవిడ సెలవులో షికార్లు కొడుతోందని కూడా. అందులో బలిచ్చానన్నది నిజం. అందుకే తిరిగి ఏమీ అనలేకపోతున్నాను.

ఊరంతా ఆ నీళ్లే తాగుతోంది. కాచి తాగండని ఆ రోజు వార్త చివర రాశాను. నలభై ఒక్క వేల మందిలో చివరిదాకా చదివింది ఎందరో. ఇప్పుడు కనబడినవాళ్లకల్లా నోటితో చెబుతున్నాను. కారణం అడిగితే మాట మారుస్తున్నాను. ఇది చాలదు. ఇంతకన్నా చేస్తే నకళ్లు రావు. ఈ రెండు వాక్యాల మధ్య నెల నుంచి నలుగుతున్నాను.

నిగ్రహం అంటే ప్రశాంతంగా ఉండటమని పుస్తకాల్లో రాసేవాళ్లను నాలుగు తన్నాలి. దవడ నొప్పితో పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నిద్రలో పళ్లు కొరుకుతారా అని అడిగాడు. మెలకువలోనే అన్నాను.

ఏప్రిల్ 19

ముప్పయ్యో రోజు. రాలేదు. సంతకం పెట్టే ఆఫీసరు లేరు, రేపు రండి మాస్టారూ అన్నారట. రేపు క్యారియర్ కట్టించుకుని వస్తాను, ఇచ్చేదాకా ఇక్కడే తింటాను అని చెప్పి వచ్చాడు బావ. అక్క నిజంగానే కడుతోంది.

ఏప్రిల్ 20, సాయంత్రం 4.35

వచ్చాయి. డెబ్బై ఎనిమిది పేజీలు, ప్రతి పేజీకీ ఆఫీసు ముద్ర.

మార్చి 18 పేజీ: 8 గంటలకు 0.6. 10కి 0.6. 12కి 0.5. 2కి 0.6. 4కి 0.5. చుక్క నీళ్లు పారని రోజున. అప్పటికి ఆవిడ సస్పెండై పదిహేను రోజులైంది. చేతిరాత వేరు. కింద సూపర్‌వైజర్ సంతకం. ఇలాంటివి ఇంకో మూడు రోజులు.

‘ఇంకెంతసేపు’కి చెప్పక తప్పలేదు. ఇప్పుడే పంపు, ఈ నిమిషమే అని అరిచాడు. రేపు విచారణకు ముందు పడితే విచారణ వాయిదా వేసి జవాబులు వండుకుంటారు, ఆవిడ మునుగుతుంది అన్నాను. ఆ వెబ్‌సైట్ వాడు ముందే కొడితే ఎవరిది బాధ్యత అన్నాడు. కొట్టనీ అన్నాను. ఫోన్ పెట్టేశాను. కోపంతోనే.

అదే రోజు, 7.00

నా ఫోన్ ఎత్తదు కాబట్టి ఆవిడ ఇంటికి బావ వెళ్లాడు. వీడియోలు, నకళ్లు ఇచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పేజీలు రెండుసార్లు లెక్కపెట్టిందట. ఆ మేడమ్ రాసేసిందా అని అడిగిందట. రాయలేదన్నాడు. నమ్మలేదట. తన ఫోన్ తెచ్చుకుని మా పేపర్ తెరిచి చూసిందట. అప్పుడు లోపలికి రమ్మని మంచినీళ్లు ఇచ్చిందట. కాచినవే లెండి మాస్టారూ అందట.

ఏప్రిల్ 21, ఉదయం 7.15

వార్త రాయడం అయింది. ఆరువందల పన్నెండు పదాలు. పంపలేదు.

10.30కి విచారణ. నకళ్లు ఆవిడే పెడుతుంది. నేను గది బయట బెంచీ మీద ఉంటాను. బయటికొచ్చి సరే అంటే పంపుతాను.

అనకపోతే ఆగుతాను.