ముందు అడిగే చిరునామా

అక్కా,

నువ్వు బాగానే ఉన్నావని నాకు తెలుసు. బాగోలేకపోతే ఈపాటికి నాలుగుసార్లు ఫోన్ చేసి నన్ను తిట్టేదానివి. ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. ఈ ఇంటి గోడలు పలచన, పైగా నీ గొంతు వింటే నాకు ఏడుపు ఆగదు.

నేను వచ్చేద్దామనుకుంటున్నాను. నాలుగు రోజులు ఉండి పోవడానికి కాదు. పూర్తిగా.

మీ మరిది కొట్టాడా, తిట్టాడా అని నువ్వు నడుం బిగించకు. ఆయన గొంతు పెంచిన రోజే లేదు. కానీ ఏదడిగినా వెంటనే జవాబు రాదక్కా. "కూర ఏం చేయమంటారు?" అంటాను. ఆయన నన్ను చూడరు, గుమ్మం వైపు చూస్తారు, అక్కణ్ణుంచి ఎవరో చెబుతారన్నట్టు. కాసేపయ్యాక "నీ ఇష్టం" అంటారు. కర్టెన్ల రంగు అడిగినా అంతే, సినిమాకి వెళ్దామా అన్నా అంతే. ఆ కాసేపట్లో ఆయన ఎవరిని అడిగి వస్తున్నారో నాకు తెలుసు. పోయిన మొదటి భార్య మీద అసూయేమిటే అంటావు. అసూయ అయితే బాగుండేది, పోట్లాడైనా పోట్లాడేదాన్ని. ఆవిడ ఫొటోకి పొద్దున్నే దుమ్ము తుడిచేది నేనే.

మొన్నటి గొడవ చెబుతాను. ఆయన ఇళ్ళకు ప్లాన్లు గీసే గదిలో ఒక కంప్యూటర్ ఉంది. లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఆవిడ నెట్‌వర్కులు చూసే ఇంజనీరు కదా, అంతా తనే అమర్చింది. దాంట్లో ఏ పేజీ అడిగినా ముందు కొంతసేపు ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంటుంది. నా ఫోన్‌లో అదే పేజీ టక్కున వస్తుంది, కాబట్టి తప్పు లైన్‌ది కాదు. రోజంతా ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదుల సెక్షన్‌లో కూర్చుని "ఒకసారి వైరు పీకి మళ్ళీ పెట్టండి సార్" అని ఊరందరికీ వైద్యం చేసేదాన్ని, ఇంట్లో రోగాన్ని చూస్తూ ఎలా ఊరుకుంటాను? "నేను చూస్తానండీ, ఎంత పని!" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "వద్దు. దాన్ని ముట్టుకోకు. అలాగే ఉండనీ" అన్నారు. అంత వెంటనే ఆయన నాకు జవాబు చెప్పడం అదే మొదటిసారి.

ఆవిడ అమర్చింది కాబట్టి పాడైనా అలాగే ఉండాలి, నా చెయ్యి తగలకూడదు. ఇక నాకు అర్థమైంది. మీ ఊళ్ళో మా ఆఫీసుకి బదిలీ అడుగుతున్నాను. వెనక గది ఖాళీ చేసి పెట్టు. అమ్మకు మాత్రం నేనే చెబుతాను, నువ్వు నోరు జారకు.

నీ
పిచ్చి చెల్లెలు

*

అక్కా,

గది ఖాళీ చేసేసి ఉంటే నన్ను తిట్టుకుందువుగాని, ముందు ఇది చదువు.

నిన్న ఆయన ఏదో స్థలం కొలతలు చూడటానికి వెళ్ళారు. బదిలీ దరఖాస్తు ఫోన్‌లో ఎంతకీ వెళ్ళలేదు. చివరికి ఆయన కంప్యూటర్ ముందే కూర్చున్నాను. మా ఆఫీసు పేజీ అడిగితే అది మామూలుగానే మూగనోము పట్టింది. ఒళ్ళు మండింది. వెళ్ళిపోయేదాన్ని, ఇంకా భయమేమిటి అనుకుని, అసలు సంగతేమిటో చూడటం మొదలుపెట్టాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మనం పేరు కొడతాం గానీ కంప్యూటర్‌కి కావలసింది నెంబరు. పేరు చెబితే నెంబరు చెప్పడానికి వేరే యంత్రం ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకుంటుంది. నేను పేరు బదులు నెంబరే ఇచ్చి చూశాను. వెంటనే పలికింది. పేరు ఇస్తే ఆగింది. అంటే తిరకాసు ఆ అడిగే దగ్గరే. ఎవరిని అడగాలో రాసి ఉండే ఫైలు తెరిచాను. రెండే వరుసలు. రెండోది మా కంపెనీ యంత్రం చిరునామా. మొదటిది ఈ ఇంట్లోదే, ఏమిటో తెలియదు. దాన్ని పలకరించి చూశాను. బదులు లేదు. ఈ కంప్యూటర్ ప్రతిసారీ ముందు దాన్నే అడుగుతోంది, ఐదు సెకన్లు ఎదురుచూసి, ఇక రాదని తేలాక రెండోదాని దగ్గరికి వస్తోంది. ఇందాక పలకలేదు కదా, ఇప్పుడెందుకు అడగడం అన్న జ్ఞానం దానికి లేదు.

ఆ రెండో వరుస నేనే అనిపించిందక్కా. కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆయన ఎప్పుడొచ్చారో చూసుకోలేదు. "ఏమైంది?" అన్నారు. కళ్ళు తుడుచుకుని, తెర మీద చూపించి, "ఈ మొదటి చిరునామా దేనిదండీ?" అని అడిగాను.

ఆయన వెళ్ళి, బీరువా మీద నుంచి తువ్వాలు చుట్టిన పొట్లం తెచ్చారు. లోపల సబ్బుపెట్టె అంత యంత్రం.

"ఇదే. పేర్లకు నెంబర్లు చెప్పడానికి తను పెట్టింది. పచ్చ లైటు వెలుగుతూ ఉండేది. దీన్ని చూసి బాధపడతావని, నువ్వు కాపురానికి వచ్చే ముందు రోజే పీకేశాను. అప్పట్నుంచే అది నెమ్మదించింది."

"తెలిసి కూడా నన్నెందుకు ముట్టుకోనివ్వలేదు?"

"ఆసుపత్రిలో గొట్టాలు తీసేయమని చెప్పింది నేనే. ఇంట్లో ఇదీ నేనే పీకాను. రెండుసార్లూ నా చేతుల మీదే అయింది. ఆ కాస్త ఆలస్యమైనా భరించకపోతే నేనేం మనిషిని అనిపించింది."

నేను ఇన్నాళ్ళూ ఎంత పొరబడ్డానో చూడు. "మరి నేనేదడిగినా ఆగుతారెందుకు? తనని అడుగుతున్నారా?" అనేశాను, ఉండబట్టలేక.

"లేదు. తను స్పృహ లేకుండా, నన్నేమీ అడగకుండానే పోయింది. నువ్వు ఏదైనా అడగ్గానే అదే గుర్తొస్తుంది. అది దాటాక మాట్లాడతాను" అన్నారు.

తెర వైపు తిరిగి "ఆ మొదటి వరుస తీసెయ్. నా వల్ల కాదు" అన్నారు.

"తీయక్కర్లేదండీ. దాని ముందు ఒక గుర్తు పెడితే చాలు. వరుస అక్కడే ఉంటుంది. కంప్యూటర్ మాత్రం దాన్ని అడగడం మానేస్తుంది."

"అక్కడే ఉంటుందా?"

"ఎక్కడికీ పోదు."

ఆ ఫైలు మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది ఆయనే కొట్టారు. ఆ గుర్తుకు రెండు మీటలు కలిపి నొక్కాలి. ఒకటి నేను పట్టుకున్నాను, రెండోది ఆయన నొక్కారు. సేవ్ చేసి, బాగైందో లేదో చూద్దామని మళ్ళీ పేజీ అడిగాను. కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది. అది నా బదిలీ దరఖాస్తు అన్న సంగతే మరిచిపోయాను అక్కా.

ఆయన చదివారు. నా వైపు తిరిగి, గుమ్మం చూడకుండా, "వెళ్ళిపోదామనుకున్నావా?" అని అడిగారు.

ఈసారి నాకే మాట రాలేదు. అవునంటే నిజం, కాదంటే అదీ నిజమే. ఆయన తొందరపెట్టలేదు, ముఖం తిప్పుకోలేదు, నేను చెప్పేదాకా అలాగే చూస్తూ నిలబడ్డారు.

"ఉంటాను" అన్నాను.

అప్పుడు ఏడ్చారక్కా. నా ముందు, నన్ను పట్టుకుని.

నీ
చెల్లెలు