ఎడిటర్ గీసిన ఎర్ర గీత

మా బంగారు అక్కకి,

అంతా బాగుందని రాశావు. బావగారి ఊసు మాత్రం ఎత్తలేదు. నా దగ్గర ఏదీ బాగాలేదు. ఏది తప్పో ఏది ఒప్పో తెలియక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను.

మేము రాసిన కోడ్‌ను సర్వర్ తనంతట తానే పరీక్షిస్తుంది. ఏయే పరీక్షలు చెయ్యాలో ఒక ఫైల్లో రాసి పెట్టాలి. ఆ ఫైల్ చూసుకునే పని కొత్తగా నాకిచ్చారు. మేము కోడ్ రాసుకునే ఎడిటర్ అనే ప్రోగ్రాంలో దాన్ని తెరిస్తే చాలు, ఒక లైను కింద ఎర్ర గీత పడుతుంది, తప్పు అని. సర్వరేమో అదే లైనును కిమ్మనకుండా ఒప్పుకుంటుంది. ఎవరి మాట వినాలి చెప్పు? నేను ఎడిటర్ మాట విని ఆ లైను తీసేశాను. గీత పోయింది. దాంతోపాటు సగం పరీక్షలూ ఆగిపోయి, తప్పుల కోడ్ దర్జాగా బయటికెళ్లింది.

మా టీమ్ లీడర్ని అందరం మాస్టారంటాం. "ఇన్నాళ్లూ లేని తంటా నువ్వు రాగానే ఎలా వచ్చిందమ్మా?" అన్నారు అందరి ముందూ. ఎవరూ తలెత్తలేదు. లైను మళ్లీ పెట్టాను, గీతా మళ్లీ వచ్చింది. ఇది నాకొక్కదానికే కనిపిస్తోందా? నాకీ పని రాదేమో. చాలా అవమానంగా ఉంది. సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను.

నీ పిచ్చుక


అక్కా,

రాజీనామా పట్టుకుని మాస్టారి గదికి వెళ్లాను. ఆయన కంప్యూటర్లో అదే ఫైల్, అదే లైను. గీత లేదు!

"మీకెందుకు రాలేదండీ?" అన్నాను.

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. "నాకూ వచ్చేదమ్మా. నాకే తెలీదేమో అనుకుని, ఎడిటర్లో ఆ గీతలు గీసే తనిఖీనే ఆపేశాను. ఎవర్నైనా అడిగితే ఏం బాగుంటుంది చెప్పు?"

బయటికొచ్చి మిగతావాళ్లనీ అడిగాను. ఒక్కొక్కరూ గొంతు తగ్గించి అదే చెప్పారు. అందరూ ఆపేసుకున్నవాళ్లే! తీరా చూస్తే ఎడిటర్ దగ్గరున్నవి పాత నియమాలు, సర్వర్ నడిచేది కొత్తవాటితో. కొత్తవి తెచ్చి పెట్టగానే ఆ గీత పోయింది. కింద ఇంకో లైను దగ్గర కొత్తగా ఒకటి పడింది. అది నిజంగా తప్పే, అదీ మాస్టారు రాసిందే. ఆయనే నవ్వుతూ దిద్దారు. నేను రాజీనామా చించేశాను.

హాయిగా నిద్రపోవాల్సినదాన్ని, నీ ఉత్తరాలన్నీ తీసి చదువుతూ మళ్లీ అయోమయంలో పడ్డాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి దాంట్లోనూ అంతా బాగుందనే ఉంది. బావగారి గురించి ఒక్క ముక్కా లేదు. నువ్వూ నీ ఎర్ర గీతను ఆపేసుకున్నావా అక్కా? శనివారం వస్తున్నాను. నా దగ్గర సిగ్గుపడకు.

నీ పిచ్చుక