ఎర్రపెన్నుతో దిద్దిన దరఖాస్తు

పిచ్చుకా,

వంట చేసి మూతపెట్టాను, వేడి చేసుకో. చర్చివాళ్లకివ్వాల్సిన నీ దరఖాస్తును అలవాటు కొద్దీ ఎర్రపెన్నుతో దిద్దేశాను. పదికి ఏడు మార్కులు కూడా వేశాను. సాయంత్రం పాస్టరుగారు వచ్చేలోగా కొత్త కాగితం మీద మళ్లీ రాసెయ్యి.

ఏడాదిపాటు పరాయి దేశంలో పిల్లలకు చదువు చెబుతానన్నావు. వాళ్ల భాష రాదు కదా, మొదటిరోజు ఏం చేస్తావు? అక్కడి పిల్లలూ బెంచీ మీద కూర్చుని కాళ్లూపుతారా? చూసి నాకు రాయి.

ఎందుకు వెళ్తున్నారు అన్నచోట, "నాన్న పోయాక ఇంట్లో ఊపిరాడటం లేదు" అని రాశావు. అది దిద్దలేదు. నాకూ అంతే.

అమ్మ

ఇన్నాళ్లూ నేను పక్కన పెట్టిన సమ్మతి కాగితం మీద సంతకం చేశాను, నాన్న పెన్నుతో. మూడు నెలలుగా మూత తీయలేదు, అయినా రాసింది.