చక్రం కింద నిమ్మకాయ

బాన్సువాడ, జూన్ 1983, ఆదివారం రాత్రి

బావ కొత్త ట్రాక్టరు తెచ్చాడు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బావ బండి కదపగానే కాయలు టప్పున చిట్లాయి, రసం పైకి చిమ్మింది. అందరూ చక్రాలనే చూశారు. రసం బండి అడుగున ఎంతవరకు తగిలిందా అని నేను వంగి చూశాను. సెలవులో కూడా ఈ బుద్ధి పోదు.

మా ఫ్యాక్టరీలో మిలిటరీ కోసం చేస్తున్న బండికి ఆరు చక్రాలు, చుట్టూ ఉక్కు కవచం. అది నదులు కూడా ఈదుకుంటూ దాటాలి. బరువెక్కువై నీళ్లలో మునుగుతోందని అడుగు పలకను పలచన చేశాం. ఆ డ్రాయింగు నాదే. ఇప్పుడు బాగానే తేలుతోంది. చక్రం కింద మందుపాతర పేలితే ఏమవుతుందో మాత్రం ఇంకా చూడలేదు. ఆ పరీక్ష వచ్చే వారం.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది.

"మీ బండికి గూడ గిట్లనే నిమ్మకాయలు పెడ్తరా బిడ్డా?"

"పెడ్తమమ్మా. కొబ్బరికాయ గూడ కొడ్తం."

"ఎన్ని చక్రాలు?"

"ఆరు."

"లోపల ఎంతమంది కూసుంటరు?"

"పదిమంది."

ఇందాక బట్టలు సర్దుతుంటే సంచిలో నిమ్మకాయల మూట కనిపించింది.

"ఇన్నెందుకమ్మా? చక్రాలు ఆరే గద!"

"తక్కినయి లోపల కూసునేటోళ్లకు. ఒక్కొక్కలకు దిష్టి తీసి పారెయ్యి."

పలక మందం పెంచితే బండి తేలదు. పెంచకపోతే... పై అధికారికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఆ పదిమంది కాళ్ల కింద ఏముందని అమ్మ అడగలేదు.